దిర్హం బిళ్ళంత సందు

వాన పడని దేశమని చెప్పి తోలిండ్రు నన్ను.
ఆగస్టు తెల్లారుగట్ల, రాసల్ ఖైమా ఖోర్ ఒడ్డున,
ఉమ్మ్ హమ్‌దాన్ ఇంటెనక చెక్కల అరుగు మీద
చెయ్యి ఆనిస్తే
అరచెయ్యి నిండ నీళ్ళు.
మబ్బు లేదు, ఉరుము లేదు.
ఆకాశానికి ఊరికెనే చెమట పడ్తది ఇక్కడ.

డెక్ అని రాసిండు కాగితంల సాజన్.
రాసుకోనీ. మనుషులు కూసుండేదేదైనా నాకు అరుగే.

పైకి చూస్తే పెండ్లిపీట లెక్క మెరుస్తుంది టేకు.
ఉలిమొన ఆనిచ్చిన.
నాలుగో పలక కొస
నానిన అటుకుల లెక్క లోపలికి పోయింది.

కర్రకు నోరు కొసల ఉంటది.
ఒంటికి ఎంత నూనె రాసినా
నోరు మూయకపోతే తాగుతనే ఉంటది.
ఇది ఎవలూ చెప్పలే, నేనే కనిపెట్టిన.
ఇంకో మాట మాత్రం కోరుట్ల కోతమిల్లుల
కనకాచారి చెప్పిండు, ముందు దగ్గి, తర్వాత:
"తడిస్తే చెడదురా కర్ర.
ఆరనియ్యకపోతే చెడ్తది."
గంతే. మళ్ళ రంపం మీదికి వంగిండు.
అప్పుడు నాకు ఆకలి తప్ప ఏదీ ఎక్కలే.

బర్కత్, నేను మేకులు విప్పినం.
తుప్పు పట్టిన ఒక్కో స్క్రూ
పన్ను పీకినట్టు కీసుమన్నది.
పలకకూ పలకకూ నడుమ సందే లేదు,
ఉబ్బి ఉబ్బి ఒకదాన్నొకటి నూకుతున్నయ్.
కింద ఇసుక, ఖర్జూరపు గింజలు, పిల్లగాని చెప్పు ఒకటి.
దూలం మీద గోడ లోంచి సన్నటి పైపు,
ఏసీ నీళ్ళు.
లోపల ఎవరో చల్లగ పడుకున్న ప్రతి పగలూ
ఇక్కడ చుక్క చుక్క
మూడేండ్లు.

పన్నెండున్నర నుంచి మూడు దాకా పని బంద్, సర్కారు మాట.
పలకలు ఎండల, మేం నీడల.
రెండు దిక్కులా ఆరుడే.

ముసలామె చేతికర్ర టకటకలాడిచ్చుకుంట వచ్చింది.
సందు వద్దన్నది.
తస్బీ పూస పడిపోయిందట అప్పుడెప్పుడో,
సందులు మళ్ళ నోరు తెరిస్తే ఇంకేం మింగుతయో అని.
నేను దిర్హం బిళ్ళ నిలబెట్టి చూపిన.
ఇంతే, అమ్మా. గాలి పోవాలె, పూస పోవద్దు.
నా బిళ్ళ నమ్మలే.
తన సంచిలోంచి ఇంకోటి తీసి
వంగి, ఆయాసపడి, తనే పెట్టి చూసుకున్నది.

ఇసుకల దొరికిన పూస ఇచ్చిన. నల్లటిది.
అటూ ఇటూ తిప్పి, నాది పచ్చది అన్నది.
అని, దాన్నే మూటగట్టుకున్నది.

నూనె డబ్బా మూత తీస్తే నిమ్మకాయ వాసన.
ఆమె ముక్కు విరిచింది.
బర్కత్ అరబ్బీ నుంచి హిందీల పెట్టి చెప్పిండు:
వాళ్ళ నాయిన పడవలకు సొర కాలేయం నూనె పూసేటోడట.
పూసిన వారం వాళ్ళమ్మ ఆయన్ను ఇంట్ల పండనియ్యలే,
ఒడ్డున పడవ నీడలో పండుకునేటోడట.
"ఆ పడవలు కుళ్ళలే" అన్నది ముసలామె,
ఇది నా తప్పన్నట్టు చూసి.

పైపు మలిపినం కానుగ మొక్క మొదట్లకు.
పుచ్చిన దూలం కోసి కొత్తది అతికినం.
కోసిన ప్రతి కొసకూ మైనం, రెండు సార్లు.
నూనె గుడ్డతో రుద్ది, ఎక్కువైంది తుడిచేసినం.
ఎక్కువ పూస్తే జిడ్డయితది, ప్రేమ కాదు.

రాత్రి క్యాంపుల ఎనిమిది మంచాలు.
కిటికీకి ఏసీ డబ్బా బిగించి రేకు కొట్టిండ్రు.
తాడు మీద బర్కత్ లుంగీ
నిన్న ఉతికింది,
మొన్నటి లెక్కనే ఉన్నది.
మంచం కింద గోడకు నల్లటి బూజు,
ఎవరిదో దేశపటం లెక్క.

జేబుల చిన్న టేకు ముక్క మిగిలింది.
తలుపు సందుల పెట్టిన.
మూసుకోదు ఇగ,
ఒక బిళ్ళ మందం.
"దోమలొస్తయ్" అన్నడు బర్కత్, గోడ దిక్కు తిరిగి.
రానీ అన్న.
కొంచెం సేపటికి లుంగీ కొస
కదిలినట్టే అనిపించింది.